నయమగుట యనగా నేమి?

గత వైశాఖమున మా బంధువులయింట వివాహము జరిగినది. ఆ పెండ్లికి నా పినతల్లి కుమార్తె వచ్చెను. ఆమె వయస్సు ముప్పదియేండ్లకు లోపే. పేరంటాండ్రందఱు చాపలపై కూర్చుండి పసుపుకుంకుమలు పుచ్చుకొనుచుండగా ఆమె యొక్కతెయే స్తంభమున కానుకొని నిలుచుండెను. భోజనవేళ బంతిలో కూర్చుండుమని పిలిచినపుడు “వడ్డించువారు చాలరు, నేను వడ్డించెదను” అని లేచిపోయెను. ఎంత పనిమంతురాలో యని అందఱును మెచ్చుకొనిరి.

రాత్రి నా ప్రక్కన పండుకొన్నప్పుడు మెల్లగా అడిగితిని. కొంతసేపు మాటాడలేదు. పిమ్మట నిట్లనెను: “అక్కయ్యా, నాకు కూర్చుండుట యన్న భయము. నయమైనదని వైద్యులనుచున్నారు. కాదని యెట్లందును? కడుపునొప్పి తగ్గినది, బరువు పెరిగితిని. కాని కట్టుకొన్న చీర తడిసినదేమో యను దిగులు నన్ను విడువలేదు. నీకు నయమైనదఁట గదా యని యెవరైన ననినప్పుడెల్ల నాకు ఏడుపు వచ్చును.”

ఆ మాటయే యీ వ్యాసమునకు కారణము. ఆమె యనుమతితోనే వ్రాయుచున్నాను. ఇట్టి బాధను చీరచెఱగున దాచుకొని తిరుగు సోదరీమణులు మఱికొందఱుందురనియు, వారితో నొకే యింట నివసించుచు నేమియు నెఱుగని తల్లులు, అత్తలు, వదినలు నింకను పెక్కుమంది యుందురనియు నా నమ్మకము.

ఆమెకు గల వ్యాధి పేరు క్రోన్ వ్యాధి. నోటినుండి మలద్వారమువఱకు గల యన్నవాహికలో నెక్కడనైనను వాపును, పుండ్లను కలిగించు దీర్ఘవ్యాధి యిది. 1932 లో న్యూయార్కునందలి మౌంట్ సైనాయి వైద్యశాలకు చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అను మువ్వురు వైద్యులు చిన్నప్రేగు చివరిభాగమున కనుపించు నీ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి తన ప్రేగుమీదనే పోరాడుట దీనియందు ముఖ్యమని నేటి వైద్యులు చెప్పుదురు. ఇది అంటువ్యాధి కాదు. అశుచివలన వచ్చునది కాదు. కారము తినుటవలన వచ్చునదియు కాదు.

కొందఱికి ఈ వాపు ప్రేగులోపలినుండి మలద్వారసమీపమునందలి చర్మమువఱకు సన్నని సొరంగమువంటి దారిని తొలుచును. దానినుండి చీమును, ఒక్కొక్కప్పుడు మలమును స్రవించును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున నొక ప్రాంతపు రోగులను దీర్ఘకాలము పరిశీలింపగా, వ్యాధి బయటపడిన 20 ఏండ్లలో నూటికి 26 మందికి అచ్చట నిట్టి దారి యేర్పడినట్లు తేలినదని 2002 లో ప్రకటించిరి. కావున నిది అరుదైన దురదృష్టము కాదు. ఈ వ్యాధికి తఱచుగా తోడువచ్చు కష్టమే.

మన పూర్వులు దీనిని భగందరమనిరి. సుశ్రుతుడు దీనిని ఎనిమిది మహావ్యాధులలో నొకటిగా నెంచి, ఐదు విధములుగా విభజించెను. ఒంటె మెడవలె నుండునది ఉష్ట్రగ్రీవము, నత్తగుల్ల చుట్లవలె మెలితిరిగినది శంబూకావర్తము అని ఆయన పెట్టిన పేర్లు చూడగా, ఆ దారులెంత వంకరలు పోవునో ఆనాడే యెఱుగుదురని తెలియుచున్నది. అయితే భగందరములన్నియు క్రోన్ వ్యాధివలన కలుగునవి కావు. అందులో నధికభాగము మలద్వారమునందలి చిన్నగ్రంథి చీముపట్టుటచే వచ్చునవి. కాని దానితోపాటు నెలలకొలది విరేచనములు, కడుపునొప్పి, బరువు తగ్గుట, సన్నని జ్వరము, రక్తహీనత కనుపించినయెడల ప్రేగును పరీక్ష చేయింపక తప్పదు.

మా చెల్లెలి విషయమున నీ పరీక్షయే ఆలస్యమైనది. మూడేండ్లు అది మూలశంక యనుకొనిరి. మొదట ఆమె యెవరికిని చెప్పలేదు. చెప్పిన పిమ్మట తల్లి లేపనములు తెప్పించెను. ఆ మీదట నొకచోట కోసి కట్టుకట్టిరి. ఆ పుండు ఏడాదియైనను మానలేదు. ప్రేగులోని వాపు చల్లాఱకముందు పైదారిని కోయుటవలన గాయము మానకపోవుటయే కాక, మలమును నిలుపు కండరమునకు హానియు కలుగవచ్చును. తుదకు హైదరాబాదునందలి ప్రేగువ్యాధుల నిపుణులొకరు కారణమును కనిపెట్టిరి.

ఈ చికిత్సకు శస్త్రవైద్యుడును, ఔషధవైద్యుడును కలిసి పనిచేయవలెను. ముందుగా ఎం.ఆర్.ఐ. యను పరీక్షచే లోపలి దారుల పటమును తీయుదురు. మత్తుమందిచ్చి చీముగడ్డను తెఱచి, ఆ దారిగుండ నొక మెత్తని దారమును పోనిచ్చి వదులుగా ముడివేయుదురు. దీనిని సీటన్ అందురు. మన ప్రాచీనుల క్షారసూత్రము దారిని మెల్లమెల్లగా కోయుటకై కట్టునది. ఈ దారము కోయుటకు కాదు, చీము లోపల నిలిచిపోక బయటికి కాఱుటకు. ఈ భేదము తెలియక, దారమున్నంతకాలము చికిత్స విఫలమైనదని మా చెల్లెలు భ్రమపడినది. అది కొందఱికి నెలలతరబడి యుండును. కొందఱికి ఏండ్లతరబడి కూడ నుండును.

మందులలో ప్రధానమైనది ఇన్‌ఫ్లిక్సిమాబ్. దీనిని నరములోనికి ఎక్కింతురు. 1999 లో ప్రకటింపబడిన పరీక్షయందు 94 మంది రోగులు పాల్గొనిరి. తక్కువమోతాదు పొందినవారిలో నూటికి 55 మందికి దారులన్నియు మూసికొనెను. మందులేని యుత్తద్రవము పొందినవారిలో నూటికి 13 మందికి మాత్రమే మూసికొనెను. ఇది గొప్ప మేలు. కాని 2004 లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షయందు, మొదట గుణము పొందినవారినే యెన్నుకొని మందు కొనసాగింపగా, 54 వారములనాటికి నూటికి 36 మందికి మాత్రమే స్రావము పూర్తిగా నిలిచియుండెను. మందు మానిపినవారిలో నది నూటికి 19. మూలకణములతో చేసిన యొక క్రొత్తమందునకు 2018 లో ఐరోపాలో అనుమతి లభించెను. పెద్దపరీక్షలో మేలు కనుపింపనందున 2024 లో దానిని ఉపసంహరించుకొనిరి.

ఈ యంకెలను నిరాశ కలిగించుటకు వ్రాయలేదు. చికిత్స చక్కగా జరిగినను, పెక్కుమందికి దారి పూర్తిగా మూసికొనదు. మూసికొన్నను మరల తెఱచుకొనవచ్చును. అట్టివారికి “నయమైనది” అనుమాట కర్థమేమి? దారి మూసికొనువఱకు బ్రదుకును వాయిదా వేయవలెనా?

వైద్యులు కూడ ఈ ప్రశ్నను తమకు తాము వేసికొనిరి. 1989 లో కెనడాయందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు ప్రేగువ్యాధిగ్రస్తుల జీవనస్థితిని తెలిసికొనుటకు 32 ప్రశ్నల పట్టికను కూర్చిరి. అందు ప్రేగుబాధలే కాక నీరసము, మనోవ్యథ, నలుగురిలో తిరుగుట మున్నగునవి చేరియున్నవి. 1995 లో మలద్వారసమీపవ్యాధికి వేఱుగా నొక కొలత యేర్పడినది. అది స్రావమెంత, నొప్పివలన పనులకు కలుగు నాటంకమెంత, దాంపత్యమునకు కలుగు నాటంకమెంత, వ్యాధిస్వరూపమెట్టిది, గట్టిదనమెంత యని ఐదు విషయములను చూచును. 2021 లో లండనునందలి సెయింట్ మార్క్స్ వైద్యశాలవారు రోగులనే యడిగి 28 ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. చీము కొలిచిన చాలదు, జీవితమును కొలువవలెనను తలంపు వీనియన్నిటి వెనుక నున్నది.

ఆ ప్రశ్నలు వైద్యశాలలో నడుగుదురు. ఇంటిలో నడుగువారెవరు?

మా చెల్లెలు నాకు చెప్పిన సంగతులలో రెండు నన్ను మిక్కిలి కలచివైచినవి. మొదటిది దేవునిగది. స్రావమున్నంతకాలము తాను మైలయే యని తలంచి ఆమె రెండేండ్లు దీపము వెలిగింపలేదట. ఎవరును వలదనలేదు, తానే దూరముగా నుండెను. ఏల వెలిగింపవని యెవరును అడుగను లేదు. రెండవది దాంపత్యము. భర్తకు తనయందు ఏవగింపు కలిగినదని ఆమెయు, భార్యకు తనయందు విముఖత కలిగినదని ఆతడును అనుకొని, యొకరితో నొకరు చెప్పుకొనక నలిగిపోయిరి. వైద్యుని యెదుట ఇద్దఱును కూర్చుండి మాటాడిననాడు గాని ఆ ముడి వీడలేదు. ఈ రెండు కష్టములను ఏ మందును తొలగింపజాలదు.

ఇంటిలో చేయదగిన పనులు కష్టమైనవి కావు. గోరువెచ్చని నీటితొట్టిలో పది పదునైదు నిమిషములు కూర్చుండుట నొప్పిని తగ్గించును. తరువాత మెత్తని నూలుగుడ్డతో అద్దవలెనేగాని రుద్దరాదు. ఘాటైన సబ్బులు, వాసనద్రవ్యములు పనికిరావు. మెత్తని నూలుగుడ్డను మడిచి పెట్టుకొని తఱచుగా మార్చుకొనవలెను. దారమును తానుగా కత్తిరింపరాదు. జ్వరముతో పోటుపెట్టు వాపు కనుపించినచో, చీముగడ్డ కట్టినదని యనుమానించి ఆనాడే వైద్యశాలకు పోవలెను. ఒంటికి సుఖముగా నున్నదని మందును తమంత తాము మానరాదు.

పథ్యము విషయమున మన యిండ్లలో నతి జరుగును. చారన్నము, మజ్జిగ తప్ప మఱేమియు పెట్టక రోగిని కృశింపజేయుదురు. పుండు మానుటకు బలము కావలెను. పప్పు, గ్రుడ్లు తినువారికి గ్రుడ్లు, పడినంతవఱకు పాలు, పెరుగు అవసరము. ఏ పదార్థము తనకు పడదో రోగి తానే గుర్తించి వైద్యునితో చెప్పవలెను. ప్రేగు ఇఱుకైనదని వైద్యుడు చెప్పినయెడల మాత్రము పీచుపదార్థములను మానవలసియుండును.

మన దేశమున రెండు జాగ్రత్తలు ముఖ్యములు. క్షయ దేహములో నిద్రించుచున్నచో ఇన్‌ఫ్లిక్సిమాబ్ దానిని మేల్కొలుపవచ్చునని 2001 లోనే తేలినది. కావున మందు మొదలిడకముందే క్షయపరీక్షలు చేయింపవలెను. ఇంటిలో నెవరికైన క్షయ యుండినచో దాచక చెప్పవలెను. రెండవది గర్భిణులకు సంబంధించినది. ఈ మందు పొందుచున్న స్త్రీలు సంతానము పొందవచ్చును; గర్భకాలమునను పెక్కుమందికి దీనిని కొనసాగింతురు. కాని మందు తల్లినుండి బిడ్డకు చేరి నెలలకొలది నిలిచియుండును. అట్టి బిడ్డకు బి.సి.జి. టీకా వేయగా ప్రాణహాని కలిగిన ఉదంతము 2010 లో ప్రకటింపబడినది. మన దేశమున నీ టీకాను పుట్టినవెంటనే వేయుదురు గనుక, ప్రసవమునకు ముందే వైద్యులకు ఈ సంగతి తెలిపి, దానిని ఆరునెలలో, అంతకు మించియో వాయిదా వేయించుకొనవలెను. భగందరము తీవ్రముగా నున్నప్పుడు శస్త్రముచే ప్రసవము చేయుట మంచిదని వైద్యులు చెప్పుదురు.

ఇంటివారు చేయవలసినది దీనికన్న సులభము. కోడలు బంతిలో కూర్చుండకున్నచో పనిమంతురాలని మెచ్చుకొనుటకు ముందు, ఏకాంతమున కారణ మడుగుడు. ప్రయాణమునకు వెనుదీసినచో గర్వమనుకొనకుడు. “ఇంకను తగ్గలేదా?” యని ప్రతిదినమును అడుగుటకంటె “నేడు ఏ పని సుఖముగా చేసికొంటివి?” అని యడుగుట మేలు. మొదటి ప్రశ్న వ్యాధినిగూర్చి, రెండవది మనిషినిగూర్చి.

మొన్నటి మార్గశిరమున మా చెల్లెలు మా యింటికి వచ్చినది. మూడుగంటలు బస్సులో కూర్చుండి, సంచిలో నొక మాఱుచీర పెట్టుకొని, ఒంటరిగనే వచ్చినది. వంటయింటిలో దూదిదిండు వేసికొని నా యెదుట కూర్చుండి, చిక్కుడుకాయల ఈనెలు తీయుచు అరగంట కబుర్లు చెప్పినది. అత్తగారు ఆ యుదయమున “దీపము నీవే పెట్టవమ్మా” అని పిలిచి వత్తులు చేతికిచ్చిరట. భగందరము మూసికొన్నదా యని నేనడుగలేదు. తానే నవ్వుచు చెప్పినది: “దారము ఇంకను ఉన్నదక్కయ్యా. అయినను నాకు నయమైనది.”