మీటరులో 415 ఉంటే చాలదు, మూడు ఫేజులూ చూడండి

వెల్దుర్తి మెట్టల్లో బోరు కింద మిరప, పత్తి వేసిన రైతుకు మోటారు కాలితే రెండు నష్టాలు. వైండింగు ఖర్చు ఒకటి, మోటారు పైకి లాగి బాగుచేయించి మళ్లీ దించేలోపు వాడిపోయే పైరు ఇంకొకటి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమే గాని, వైండింగు ఉచితం కాదు గదా! అందుకే స్టార్టర్ పెట్టె మీది వోల్టు మీటరు ఏం చెబుతోందో తెలుసుకోండి.

మన లైన్లలో వచ్చేది ఏసీ కరెంటు. ఉయ్యాలలాగా సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ అల ఆకారాన్నే సైన్ వేవ్ అంటారు. మరి క్షణక్షణం మారేదానికి మీటరు ఒకే అంకె ఎలా చూపుతుంది? అంతే వేడి పుట్టించే బ్యాటరీ కరెంటు ఎన్ని వోల్టులో ఆ అంకెనే చూపుతుంది. దీన్ని ఆర్.ఎం.ఎస్. విలువ అంటారు. దాన్ని 1.414తో హెచ్చవేస్తే అల శిఖరం వస్తుంది. రెండు ఫేజుల మధ్య 415 ఉంటే శిఖరం 587. కేబుల్ అతుకు మీది టేపు, వైండింగు తీగ పూత ఓర్చుకోవలసింది ఈ శిఖరాన్నే. అతుకులు నాసిగా వేయించవద్దు.

ఇలా లెక్క చూడండి

మోటారు నడుస్తుండగా మూడు జతలూ చూడాలి: ఎరుపు-పసుపు, పసుపు-నీలం, నీలం-ఎరుపు. 400, 390, 365 వచ్చాయనుకోండి. సగటు 385. దానికి బాగా దూరంగా ఉన్నది 365, తేడా 20. అంటే 5 శాతం పైమాటే. ఈ తేడా 1 శాతం లోపు ఉంటే మంచిది. 3.5 శాతానికే వైండింగు వేడి సుమారు పాతిక శాతం పెరుగుతుంది. 5 దాటితే మోటారు ఆపేయడమే మేలు.

మూడింటా సమానంగా తగ్గినా ముప్పే. మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 390 నుంచి 440 మధ్య ఉంటే ఢోకా లేదు.

పెట్టె మీద సెలెక్టర్ స్విచ్ ఉంటే తిప్పితే చాలు. లేకుంటే ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. తడి చేతులతో, చెప్పులు లేకుండా పెట్టె తెరవొద్దు. కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒక్కసారే లేస్తే వోల్టేజి పడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు కూడబలుక్కుని, ఒకరి తర్వాత ఒకరు వేసుకోండి.

వారం రోజులు మూడు అంకెలూ, టైమూ పుస్తకంలో రాసి లైన్‌మన్‌కు చూపండి, 1912కు ఫోన్ చేయండి. ‘వోల్టేజి లేదు’ అనే మాటకన్నా రాసిన అంకెకు విలువెక్కువ.