విండోస్ పక్కన లినక్స్‌కు చోటు

కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్క్ ఒకటే ఉన్నట్టు కనిపిస్తుంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అసలు సంగతి బయటపడుతుంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అక్కడ 476 జీబీగా కనిపిస్తుంది. తయారు చేసినవాళ్లు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది కాబట్టి ఈ తేడా. చోటు ఎక్కడికీ పోలేదు. ఆ డిస్క్ మొదట్లో సుమారు 100 ఎంబీ ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, మధ్యలో పెద్ద సీ డ్రైవ్, చివర్లో రికవరీ పార్టిషన్ సాధారణంగా ఉంటాయి. 16 ఎంబీల రిజర్వుడు పార్టిషన్ ఇంకొకటి ఉంటుంది కానీ డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపించదు. రెండో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడమంటే సీ డ్రైవ్‌ను కొంత తగ్గించి, మిగిలిన చోటును కొత్త సిస్టమ్ పేరిట రాయడమే.

ఆ రాత పార్టిషన్ టేబుల్‌లో జరుగుతుంది. పొలానికి సర్వే రికార్డు ఎలాంటిదో డిస్క్‌కు ఈ టేబుల్ అలాంటిది: ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేది అదొక్కటే. ఐబీఎం 1983లో 10 ఎంబీ హార్డ్‌డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీని తెచ్చినప్పుడు, దానితో వచ్చిన డాస్ 2.0 ఈ టేబుల్‌ను డిస్క్ మొదటి సెక్టార్‌లో పెట్టింది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో టేబుల్ వాటా 64 బైట్లు. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు పోగా నాలుగింటికే చోటు మిగిలింది. డిస్క్ 2 టీబీ దాటితే ఆ పద్ధతికి లెక్క కూడా అందదు. ఇప్పటి యంత్రాల్లో దాని స్థానంలో జీపీటీ వచ్చింది. ఇందులో మామూలుగా 128 పార్టిషన్ల వరకు పెట్టుకోవచ్చు, పైగా టేబుల్ నకలు ఒకటి డిస్క్ చివర్లో కూడా ఉంటుంది. టేబుల్ చెడితే ఫైళ్లన్నీ డిస్క్ మీదే ఉన్నా వాటి జాడ తెలియదు. జాగ్రత్తలన్నీ ఇందుకోసమే.

హైదరాబాద్‌లో విండోస్ పక్కన లినక్స్ పెట్టుకునే అవసరం చాలామందికి పడుతుంది. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ ఈ నగరానికి వచ్చింది 1998లో. అదే ఏడాది నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తెలుగు మెనూలతో డెబియన్ ఆధారిత లినక్స్‌ను తెచ్చిన స్వేచ్ఛ సంస్థ 2005లో ఇక్కడే మొదలైంది. హైటెక్ సిటీ ఆఫీసుల్లో చేతిలో ఉండేది విండోస్ ల్యాప్‌టాప్ అయినా, రాసిన కోడ్ చివరికి నడిచేది ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీదే. అందుకే అమీర్‌పేటలో క్లౌడ్, డెవాప్స్ కోర్సుల్లో చేరినవాళ్లకు లినక్స్ తప్పదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం మరో కారణం. ఇంటెల్ 8వ తరం కంటే పాత చిప్‌లున్న యంత్రాల్లో దాదాపు దేన్నీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థి ముందుగా చూసుకోవలసింది ఇదే. అలాంటి యంత్రం లినక్స్‌తో ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది.

కమాండ్లు నేర్చుకోవడం వరకే అయితే డిస్క్ జోలికి పోనక్కర్లేదు. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌ను మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించింది. వర్చువల్ మెషీన్ ఎలాగూ ఉంది. ర్యామ్ తక్కువగా ఉన్నా, యంత్రం మొత్తం బలం లినక్స్‌కే దక్కాలన్నా, సిస్టమ్‌ను మూలం నుంచి అర్థం చేసుకోవాలన్నా, రెండు సిస్టమ్‌లనూ డిస్క్ మీదే పెట్టుకునే డ్యుయల్ బూట్ మేలు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ పని చేయకూడదు. దాని డిస్క్ ఎన్‌క్రిప్షన్, బయోస్ పాస్‌వర్డ్ అన్నీ ఐటీ విభాగం చేతిలో ఉంటాయి. అందులో పార్టిషన్ మార్చడం ఉద్యోగానికే ముప్పు తేవచ్చు.

మొదటి పని బ్యాకప్. ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్లు ఇంకో డిస్క్‌లోకి చేరేదాకా రెండో అడుగు వేయకూడదు. డీ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. డీ ఉన్నదీ అదే డిస్క్ మీద, అదే టేబుల్ కింద.

రెండోది చాలామంది మరిచిపోయేది: బిట్‌లాకర్ రికవరీ కీ. ఇటీవలి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్ అవుతుంది. వాడేవారికి ఆ సంగతే తెలియదు. సెక్యూర్ బూట్ ఆపినా, బూట్ వరుస మార్చినా, మరుసటిసారి విండోస్ నీలం తెర చూపించి 48 అంకెల కీ అడగవచ్చు. అది లేకపోతే డేటా లేనట్టే. సర్వీస్ సెంటర్ కూడా ఏమీ చేయలేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కీ ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

తర్వాత సీ డ్రైవ్‌ను కుదించాలి. లినక్స్ ఇన్‌స్టాలర్ కూడా ఈ పని చేయగలదు కానీ విండోస్ పార్టిషన్‌ను విండోస్‌తోనే కుదించడం ఉత్తమం. దాని ఫైల్ సిస్టమ్ దానికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుంటే ఎంత తగ్గించాలని అడుగుతుంది. లెక్క ఎంబీల్లో ఇవ్వాలి: 80 జీబీ కావాలంటే 81920. ఉబుంటు లినక్స్‌కు కనీసం 25 జీబీ అంటారు గానీ, డాకర్, ఐడీఈలు వాడేవారికి 80 నుంచి 100 జీబీ ఉంటేనే ఇరుకు తెలియదు.

కొందరికి ఇక్కడే చిక్కు వస్తుంది. 200 జీబీ ఖాళీ ఉన్నా ఇరవై జీబీ కంటే తగ్గించనివ్వదు. ఖాళీ ఉండటం ఒకటే చాలదు. ఆ ఖాళీ డ్రైవ్ చివర్లో ఉండాలి. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు మధ్యలో పాతుకుపోయి కదలవు. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ మూడూ ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే పరిమితి సాధారణంగా పెరుగుతుంది. పని అయ్యాక వాటిని తిరిగి ఆన్ చేసుకోవచ్చు. కుదించిన చోటు తెరపై నల్లటి పట్టీతో కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయాలి. కొత్త డ్రైవ్ అక్షరం ఇచ్చి ఫార్మాట్ చేయకూడదు.

ఇక పెన్‌డ్రైవ్. రూఫస్ వంటి టూల్‌తో లినక్స్ ఐఎస్‌ఓ ఫైల్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చార్జర్ తగిలించి రీస్టార్ట్ చేయాలి. బూట్ మెనూకి డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ ఆన్‌లో ఉందేమో చూడాలి. దాన్ని ఉన్నపళంగా మారిస్తే విండోస్ లేవకపోవచ్చు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేసి, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచాక మామూలు మోడ్‌కు రావాలి.

పొరపాట్లలో పెద్దవి ఒకే ఒక్క తెర దగ్గర జరుగుతాయి. విండోస్ పక్కనే ఇన్‌స్టాల్ చేయాలా, డిస్క్ మొత్తం చెరిపేయాలా, చేత్తో పార్టిషన్లు చేసుకోవాలా అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. రెండోది నొక్కి నిర్ధారిస్తే విండోస్, రికవరీ, ఫైళ్లు అన్నీ పోతాయి. మూడోది ఎంచుకున్నవారు ఆ ఖాళీ చోటులోనే ఎక్స్‌ట్4 పార్టిషన్ చేసి, దానికి రూట్ అని చెప్పాలి. స్వాప్‌కు వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఫైల్ చాలు. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మాత్రం వాడుకోవాలే తప్ప ఫార్మాట్ చేయకూడదు. విండోస్‌ను లేపే ఫైళ్లు అందులోనే ఉన్నాయి. లినక్స్ వాటి పక్కన తన ఫోల్డర్ పెట్టుకుంటుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో విండోస్ కనిపించకపోతే కంగారు పడనక్కర్లేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. సెట్టింగ్‌లో ఆన్ చేసి గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే విండోస్ చేరుతుంది. మనవాళ్లను తికమక పెట్టేది గడియారం. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ రాస్తుంది. విండోస్ దాన్ని స్థానిక సమయం అనుకుంటుంది. దాంతో ఉదయం 10 గంటలకు విండోస్ 4:30 చూపిస్తుంది. సమయం తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు కూడా తిరస్కరణకు గురికావచ్చు. లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చే కమాండ్ ఒక్కటి ఇస్తే సమస్య తీరుతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉండి, లినక్స్ నుంచి సీ డ్రైవ్‌లోకి రాయనివ్వదు.

లినక్స్ వద్దనుకుంటే వరుస తప్పకూడదు. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తేవాలి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్లు తీసేయాలి. వరుస తారుమారైతే యంత్రం ఆన్ చేయగానే గ్రబ్ నల్లటి కమాండ్ తెర దగ్గర ఆగుతుంది. అప్పుడు బూట్ మెనూ నుంచి విండోస్‌ను ఎంచుకోవలసి వస్తుంది. ఖాళీ అయిన చోటు సీ పక్కనే ఉంటేనే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేస్తుంది. మధ్యలో ఇంకో పార్టిషన్ అడ్డుంటే ఆ బటన్ మసకబారి ఉంటుంది. ఈఎఫ్ఐలో మిగిలిన ఉబుంటు ఫోల్డర్ కొద్ది ఎంబీలే. అలాగే ఉంచినా విండోస్‌కు అడ్డు రాదు.