ప్రాణవాయువునకును మోతాదు కలదు

దప్పిగొన్నవానికి నీరు ఎంత పోసినను మేలే యనుకొందుము. ఊపిరాడని రోగికిచ్చు ఆమ్లజని విషయమునను చిరకాలము అట్లే తలచిరి. కాని 1774లో ఈ వాయువును వేరుచేసిన ప్రీస్ట్లీ పండితుడే ఒక సందేహము వెలిబుచ్చెను: ఇందులో కొవ్వొత్తి త్వరగా కాలిపోవుచున్నది గదా, మనుష్యుని ఆయువును అట్లే తరిగిపోదా?

రక్తము మోయగల ఆమ్లజనిలో ఎంత పాలు నిండినదో వేలికి తగిలించు పరికరము శాతములలో చూపును. ఇటలీలోని మోడెనా నగర వైద్యులు ఇంటెన్సివ్ కేర్ విభాగమున 480 మంది రోగులను రెండు వర్గములు చేసి, ఒకరికి 94–98 శాతము, రెండవవారికి 97–100 శాతము నిలుపజూచిరి. 2016లో ప్రకటించిన ఫలితములో మరణములు మొదటి వర్గమున 11.6 శాతము, రెండవదానిలో 20.2 శాతము.

అట్లయిన ఎంత తగ్గించిన అంత మేలా? తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధిగ్రస్తులపై ఫ్రాన్సులో జరిగి 2020లో ప్రకటితమైన పరీక్షలో 88–92 శాతమునకు దించగా, కొందరి ప్రేగులకు రక్తప్రసారము కుంటువడినది. పరీక్షను మధ్యనే ఆపిరి. 2025లో వెలువడిన బ్రిటిషు పరిశోధన శ్వాసయంత్రముపై నున్న 16,500 మందిని పరిశీలించినది. 90 శాతము లక్ష్యముగా ఇచ్చినను, వాడుక చొప్పున ఇచ్చినను, మరణములలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

విద్యార్థులు గ్రహింపవలసినది ఇదియే: శాస్త్రమున ఒక్క ప్రయోగము సాక్ష్యమే కాని తీర్పు కాదు. ఊపిరాడనివానికి ఆమ్లజని ఇచ్చుటలో జాగు తగదు. ఇచ్చిన పిమ్మట కొలత మరువరాదు. ప్రాణము నిలుపు వాయువైనను, రోగి పడక చెంత అది మందే.