పద్దు పుస్తకమే సంకెల అయితే...

బానిసత్వం అనగానే మన మనసు మక్కా వీధుల్లోకి వెళ్తుంది. మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి, గుండెలపై బండరాయి మోపినా చలించని హజ్రత్ బిలాల్ (రజి), ఆయన్ని ఉమయ్యా నుంచి కొని విముక్తి చేసిన హజ్రత్ అబూబకర్ (రజి) జ్ఞాపకం వస్తారు. అదంతా గడిచిపోయిన కాలపు గాథ అనుకుంటాం. ఈనాటి బానిస మెడలో గొలుసు ఉండదు. అతని పేరు ఎవరిదో ఒక పద్దు పుస్తకంలో ఉంటుంది, అంతే!

మన పట్టణాల్లో చిన్న కేటరింగ్ వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. ఒక యజమాని, ఒక బావర్చీ, ఇద్దరు ముగ్గురు సహాయకులు. వలీమా విందు ఒప్పుకుంటే వడ్డనకు, గిన్నెలు తోమడానికి పాతికమంది కావాలి. వారిని యజమాని వెతకడు. మేస్త్రీకి ఫోను చేస్తాడు. సాయంత్రానికి ఆటోల్లో కుర్రాళ్ళు దిగుతారు. ఉల్లిపాయలు ఒలిచి పంపేవారు ఒకరు, టేబుల్ గుడ్డలు ఉతికేవారు మరొకరు, షామియానా వేసేవారు ఇంకొకరు. "వాళ్ళంతా మేస్త్రీ మనుషులండీ, నాకేం సంబంధం?" అంటాడు యజమాని. అతను చెడ్డవాడేమీ కాదు. మేస్త్రీకి ఇవ్వవలసింది ఆ రాత్రే లెక్కపెట్టి ఇచ్చేస్తాడు. ఆ డబ్బు కుర్రాడి చేతికి చేరిందా అని మాత్రం అడగడు.

ఎందుకు చేరదు? పేషగీ వల్ల. తండ్రికి జబ్బు చేసినప్పుడో, అక్క పెళ్ళప్పుడో మేస్త్రీ ఆ ఇంటికి కొంత సొమ్ము ఇచ్చి ఉంటాడు. కుర్రాడి కూలి అందులోకి జమ అవుతుంది. రైలు చార్జీ, తిండి ఖర్చు, పడుకునే గది అద్దె, చేయిజారి పగిలిన ప్లేటు మాత్రం మళ్ళీ బాకీలోకే వెళ్తాయి. ఏడాది తిరిగినా బాకీ తరగదు. ఆధార్ కార్డు 'భద్రంగా' మేస్త్రీ పెట్టెలో ఉంటుంది. ఊరికి వెళ్తానంటే ముందు లెక్క తేల్చమంటాడు. లెక్క ఎంతో ఆ కుర్రాడికే తెలియదు.

ఇది ఎక్కడో జరిగే సంగతి అనుకోవద్దు. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు సోదాలు చేస్తే గాజులు తయారుచేసే ఇరుకు గదుల్లోంచి రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. చాలామంది బీహారు నుంచి వచ్చినవారే. ఆ గదుల పక్క సందుల్లో మనవాళ్ళే ఉన్నారు. పెళ్ళిళ్ళకు గాజులు కొన్నదీ మనమే.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అల్‌బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం గురించినది. అందులో ఒక విశేషం ఉంది. పత్రంలోని మాటలు చెప్పవలసినది అప్పు ఇచ్చినవాడు కాదు, తీసుకున్నవాడు! మేస్త్రీ పద్దు పుస్తకాన్ని దీని పక్కన పెట్టి చూడండి. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) విముక్తి ఒప్పందం కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 300 ఖర్జూరపు మొక్కలు, 40 ఊఖియాల బంగారం అని అందులో మొత్తం ముందే తేలిపోయింది. ఆ తరువాత పెరగలేదు. సహాబాలు తలా కొన్ని మొక్కలు తెచ్చారు, దైవప్రవక్త (స) స్వహస్తాలతో నాటారు. ఎంత తీరిస్తే స్వేచ్ఛ లభిస్తుందో ఆయనకు తెలుసు. మన విందుల్లో గిన్నెలు తోమే కుర్రాడికి ఆపాటి భరోసా కూడా లేదు.

దేశ చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. పేషగీ ఇవ్వడమే నేరం కాదు. దాన్ని అడ్డుపెట్టుకుని మనిషిని కదలనీయకపోతే, వేరేచోట పనిచేసుకోనివ్వకపోతే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి బాకీ రద్దయిపోతుంది. వసూలు చేయబోతే మూడేళ్ళ దాకా జైలు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళలో, ఇళ్ళలో పనికి పెట్టుకోవడం 2006 నుంచే నిషిద్ధం.

గల్ఫ్ బాధలు మనకు కొత్త కాదు. రాయచోటి, కడప ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళ పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉందని తెలిస్తే ఇంటిల్లిపాదీ కుమిలిపోతాం. పాస్‌పోర్టు అలా పట్టుకోకూడదని కువైట్ 2015లో చట్టమే చేసింది. మరి మన వంటశాలలో ఉన్న బీహారు కుర్రాడి కార్డు ఎవరి దగ్గరుంది?

యజమాని చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. మనకొక సౌకర్యం ఉంది, ఉర్దూ. ఆ కుర్రాళ్ళతో మాట్లాడటానికి మేస్త్రీ దుబాసీ అక్కర్లేదు. దేగ్ దించాక, మేస్త్రీ లేనప్పుడు పక్కకు పిలిచి అడగండి: కూలి చేతికి వస్తోందా? బాకీ ఎంత ఉంది? కార్డు ఎక్కడుంది? రేపు ఊరికి వెళ్తానంటే వెళ్ళనిస్తారా? కూలి డబ్బు మేస్త్రీ ద్వారా కాక నేరుగా పనివాడికే ఇవ్వండి. మేస్త్రీ కమీషను వేరే లెక్క. ఒలిచిన ఉల్లిపాయలు పంపే చోటికి, బట్టలు ఉతికే చోటికి ఒకసారి చెప్పకుండా వెళ్ళి చూడండి. రాత్రి తలుపుకు బయటనుంచి తాళం పడుతుంటే ఇక వేరే రుజువెందుకు?

విందు ఇచ్చేవారికీ ఒక మాట. ప్లేటుకు పది రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడతాం. ఆ పది రూపాయలు మాంసంలోంచి తగ్గవు, నెయ్యిలోంచీ తగ్గవు, మనం ఒప్పుకోం గనుక. తగ్గేది గిన్నెలు తోమేవాడి కూలే. ఒక హద్దు దాటి తగ్గిస్తే, పారిపోలేని కుర్రాడిని తప్ప మేస్త్రీ మరెవరినీ తేలేడు. స్టేజీ మీది పూలకు మాత్రం ఆ రాత్రి ఎవరూ బేరమాడరు, అదేమిటో!

జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో బానిసల విముక్తి ఒకటి, అప్పుల్లో మునిగినవారి సాయం ఒకటి. ఈనాటి వెట్టి కూలీకి ఏది ఎలా వర్తిస్తుందో ఉలమాలను అడగాలి. అయితే రావలసిన బాకీ వదులుకుని, తక్కిన సొమ్ముకు జకాత్ చెల్లిందనుకోవడం హనఫీ ఫిఖహ్‌లో కుదరదు. చట్టం ముందే కొట్టేసిన బాకీ అయితే వదులుకోవడానికి ఏముంది?

అనుమానం నిజమని తేలితే ఆ రాత్రికి రాత్రే కుర్రాణ్ణి వెళ్ళగొట్టి చేతులు దులుపుకోవద్దు. అతను ఇంతకన్నా చీకటి గదికి చేరతాడు. పిల్లవాడైతే 1098కి ఫోను చేయండి. పెద్దవాడైతే ఆర్డీవోకు గాని కలెక్టరుకు గాని రాసి ఇవ్వండి. విచారణ జరిపి విడుదల పత్రం ఇచ్చేది వారే. ఆ పత్రం చేతిలో ఉంటేనే బాకీ రద్దయిందని అతను ఊళ్లో ధైర్యంగా చెప్పుకోగలడు, ప్రభుత్వ సహాయమూ అడగగలడు. ఆ కాగితం వచ్చేదాకా పడుకోవడానికి చోటు, రెండు పూటలా తిండి, అప్పటివరకు చేసిన పనికి పూర్తి కూలి మీరే చూడండి. మేస్త్రీతో తగవు తరువాత. ముందు కార్డు ఆ కుర్రాడి చేతికి ఇప్పించండి.