ఉపగ్రహమునకు పంచాంగము

గ్రహణమెప్పుడు పట్టునో, ఎప్పుడు విడుచునో పంచాంగమున చూచుకొని మనము వంట ముగించుకొందుము. అట్లే మనుష్యులు నిర్మించి పంపిన ఉపగ్రహము మన యింటిమీదుగా ఏ వేళకు పోవునో ముందుగా చెప్పువారు కలరు. వీరు జీతమునకు పనిచేయు శాస్త్రజ్ఞులు కారు. పరీక్ష నెగ్గి, ప్రభుత్వానుమతి పొంది, వేడుకకై యింటనే రేడియో నడుపుకొనువారు. వీరిని హాములందురు.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. నాడు మా నెల్లూరు జిల్లాలోనే యుండిన శ్రీహరికోట నుండి 2005 మే 5వ తేదీన, ఈ హాములకొరకే చేసిన 'హామ్‌శాట్' అను 42.5 కిలోల ఉపగ్రహము పైకెగసినది. అది ఇంచుమించు 97 నిమిషములకొకమారు భూమిని చుట్టుచుండెను. ఆలోపల భూమి తూర్పునకు 24 డిగ్రీలు తిరుగును. కావున ఇప్పుడు మా సంగము తలమీదుగా పోయినది మరుసటి చుట్టున అరబ్బీ సముద్రము మీదుగా పోవును. లెక్కకు మూలమింతియే.

ఇక పరీక్షించుట యెట్లు? రైలు దగ్గరకు వచ్చునపుడు కూత హెచ్చుస్థాయిలో వినబడి, మనలను దాటగనే తగ్గును గదా! ఉపగ్రహపు ధ్వనియు నట్లే జారును. అది మిక్కిలి వేగముగా జారిన క్షణమే ఉపగ్రహము మనకు మిక్కిలి చేరువైన క్షణము. అంత ఎత్తునను గాలి లేశమాత్రము కలదు. దాని రాపిడిచే దారి కొంచెముగా క్రుంగి, చుట్టు పొట్టిదై, ఉపగ్రహము చెప్పిన వేళకు ముందే వచ్చును. అప్పుడు పాత యంకెలను విడిచి క్రొత్తవి గైకొనవలెను. కంటికి కనబడిన గ్రహణమునుబట్టి పంచాంగగణితమును దిద్దుకొనుట మన పెద్దలెరిగినదే. నేడు ఆ యంకెలను రాడారులతో కొలిచి ప్రకటింతురు, గుణకారములు కంప్యూటరు చేయును. అయినను వేళ కుదిరినదో లేదో హాముకు చెప్పునది చెవియే.

ఈ వినికిడి అల్పమైనది కాదు. ఇంగ్లండులోని కెట్టరింగు పట్టణమున జాఫ్రీ పెర్రీ అను ఉపాధ్యాయుడు బడిపిల్లలతో కూడి వినుచు, లెక్కించుచు, సోవియట్ ప్రభుత్వము రహస్యముగా నుంచిన ప్లెసెట్స్క్ ప్రయోగస్థానమును 1966లో కనిపెట్టెను. బడిపంతులుగారి యిల్లాలిని గనుక నాకీ కథ మిక్కిలి ప్రియము.

రెండేండ్లకని చేసిన హామ్‌శాట్ తొమ్మిదేండ్లు పలికి, 2014 జూలైలో బ్యాటరీలు చెడి మూగవోయినది. అనంతరము వచ్చినవి పలుకుచునే యున్నవి. మన దేశమున పండ్రెండేండ్లు నిండిన ఆడపిల్లయు హాము పరీక్షకు పోవచ్చును. తిథి చూడనేర్చిన మన బిడ్డకు ఈ లెక్క అందరానిదా?