నీలిమందు నుండి విద్యుత్తు నిలువ వరకు

మన కళాశాలలో ఉర్దూ విద్యార్థి 'నీల్' అంటాడు, తెలుగు విద్యార్థి 'నీలి' అంటాడు. సంస్కృత 'నీల' శబ్దమే పారశీక, అరబ్బీ భాషల మీదుగా పోర్చుగీసువారికి చేరి 'అనిల్' అయినది. 1840 ప్రాంతంలో ఫ్రిట్షే అను రసాయన శాస్త్రజ్ఞుడు నీలిమందు నుండి తీసిన ద్రవానికి ఆ పేరును బట్టి 'అనిలిన్' అని నామకరణం చేశాడు. 1834లోనే రూంగే అదే ద్రవ్యాన్ని బొగ్గుతారులో కనుగొని ఉన్నాడు.

1862లో లండన్‌లో లెథిబీ, అనిలిన్ కలిపిన గంధకామ్లంలో విద్యుత్తును ప్రసరింపజేయగా ప్లాటినం పై ముదురు నీలి పొర ఏర్పడినది. నేడు దానిని పాలీఅనిలిన్ అంటున్నాము.

ఇందులో అనిలిన్ అణువులు దండలోని పూసలవలె కూడి ఉంటాయి. ఏకబంధాలు, ద్విబంధాలు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చుట చేత కొన్ని ఎలక్ట్రానులు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడక గొలుసు వెంట విస్తరిస్తాయి. ఇట్టివే సంయుగ్మ పాలిమర్లు. విద్యుత్తు ద్వారా కొన్ని ఎలక్ట్రానులను తొలగించితే గొలుసు శోషించే కాంతి మారుతుంది. క్షయకరణ స్థితిలో లేత పసుపుగా ఉన్న పొర, కొంత ఆక్సీకరణం చెందగానే ఆకుపచ్చగాను, పూర్తిగా చెందినప్పుడు నీలం కలిసిన ఊదాగాను కనబడుతుంది. విద్యుత్తు దిశను మార్చితే పాత రంగు తిరిగి వస్తుంది.

విద్యార్థులు గ్రహించవలసిన ముఖ్య విషయం ఇది: రంగు మారుట, విద్యుత్తు నిలువ అగుట రెండు వేరు పనులు కావు. తొలగిన ఎలక్ట్రానుల లెక్కయే నిలువ, దాని గుర్తు రంగు. కావున ఈ పొర పూసిన కిటికీ అద్దం జనగామ, మహబూబాబాద్ వేసవి ఎండను తగ్గించగలదు, కొంత విద్యుత్తును దాచగలదు, ఎంత దాచినదో రంగుతోనే తెలుపగలదు.

పాలీఎసిటిలీన్ అను మరొక సంయుగ్మ పాలిమర్ లోహంవలె విద్యుత్తును ప్రసరింపజేయునని 1977లో షిరకావా, మాక్‌డైయర్మిడ్, హీగర్ నిరూపించారు. వారికి 2000లో నోబెల్ బహుమతి లభించినది. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ పాలీఅనిలిన్ పై పరిశోధనలు జరిగినవి.

అయితే లోపం లేకపోలేదు. ప్రతిసారీ అయానులు లోనికి, బయటికి పోవుచుండగా పొర ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. క్రమంగా పగుళ్ళు వచ్చి నిలువ శక్తి తగ్గుతుంది. భూపాలపల్లి వద్ద చెల్పూరులోని 1100 మెగావాట్ల కేంద్రానికి ఇది నేడు బదులు కాజాలదు. అక్కడ బొగ్గు మండితేనే విద్యుత్తు. సూర్యరశ్మి నుండి పగలు పుట్టిన విద్యుత్తును రాత్రికి దాచుకొనే మార్గం దొరకనిదే ఆ మంట తగ్గదు. పగుళ్ళను నివారించే ఉపాయం కొరకు శాస్త్రజ్ఞులు ఇంకా శ్రమిస్తున్నారు. ఆ శ్రమలో మన విద్యార్థులకూ చోటున్నది. ఆ శాస్త్రపు తొలి పదం మన రెండు భాషలలోనూ ఉన్నదే.