క్లచ్ గొట్టంలో మొండి బుడగ

తణుకు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. ఆయన కారులో క్లచ్ స్లేవ్ సిలిండర్ కారుతోందని కొత్తది వేయించారు. అప్పటి నుంచి పెడల్ మెత్తబడింది. మెకానిక్ నాలుగుసార్లు ఎయిర్ తీశాడు, అర లీటరు బ్రేక్ ఆయిల్ ఖాళీ అయింది, అయినా రివర్స్ గేరు వేయబోతే గరగరమంటూనే ఉంది. ఉత్తరం చివర ఆయన ఒక ప్రశ్న వేశారు: ‘‘గాలి ద్రవం కంటే తేలిక కదండీ. రాత్రంతా క్లచ్ ఆయిల్ డబ్బా మూత వదులు చేసి ఉంచాం. దానంతట అదే పైకి తేలి పోవాలి కదా, ఎందుకు పోలేదు?’’

మెకానిక్‌లు సైతం ఈ ప్రశ్న వేయరు. గాలి పైకే వస్తుందని అందరూ నమ్మేశారు. ఆ నమ్మకం సగమే నిజం. మిగతా సగంలో ఎంతో అందమైన భౌతికశాస్త్రం ఉంది. ఈ నెల వ్యాసం దాని గురించే.

యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మారుతి 800 లాంటి కార్లలో క్లచ్‌ను లాగేది ఇనుప కేబుల్. హైడ్రాలిక్ క్లచ్‌లో కేబుల్ బదులు ద్రవం ఉంటుంది. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని నెడుతుంది, ఆ ఒత్తిడి సన్న గొట్టం గుండా గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది, అక్కడి పిస్టన్ క్లచ్‌ను విడదీస్తుంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పెంచిన పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న పాస్కల్ నియమం స్కూల్లో చదువుకున్నదే. స్లేవ్ సిలిండర్ మీద గాలి తీయడానికి చిన్న నిపుల్ ఉంటుంది. అన్నట్టు, మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. అసలు నూనె పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

ఇక లెక్క. మాస్టర్ పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, కదలిక 3 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కసారి నొక్కితే కదిలే ద్రవం 6 మిల్లీలీటర్లు, అంటే పెద్ద టీ స్పూనుడు. స్లేవ్ పిస్టన్ కాస్త పెద్దది, 3.3 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి అది సుమారు 18 మిల్లీమీటర్లు జరుగుతుంది. పాదం పెట్టే 10 కిలోల బరువు పెడల్ మీటకట్టు వల్ల అయిదింతలైతే, గొట్టంలో పీడనం వాతావరణ పీడనానికి 25 రెట్లు పెరుగుతుంది. ఇప్పుడు ఈ వ్యవస్థలో ఎక్కడో ఒక్క మిల్లీలీటరు గాలి, ఇరవై చుక్కలంత, ఉండిపోయిందనుకోండి. ఆ పీడనానికి అది ఇరవై ఆరో వంతుకు నలిగిపోతుంది. దాదాపు మిల్లీలీటరు ద్రవం దాన్ని నలపడానికే సరిపోతుంది. స్లేవ్ దగ్గర 3 మిల్లీమీటర్ల కదలిక మాయం. 18కి బదులు 15 వస్తే క్లచ్ పూర్తిగా విడదు. గేరు గరగరమనేది అందుకే.

ద్రవం మాత్రం నలగదా? నలుగుతుంది. ఈ విషయంలో పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. 1657లో ఫ్లోరెన్స్‌లో అక్కడి పాలకులు మెడిచీల అండతో ‘అకాడెమియా దెల్ చిమెంతో’ అనే ప్రయోగశాస్త్ర సభ ఏర్పడింది. వాళ్లు పలుచని వెండి పాత్రను చల్లని నీళ్లతో నింపి, గట్టిగా మూసి, సుత్తితో కొట్టి చూశారు. నీరు కుంచించుకోకుండా వెండి రంధ్రాల్లోంచి చెమటలా బయటికి ఊరింది. నీరు నలగదని 1667లో అచ్చయిన వాళ్ల గ్రంథంతో లోకం నమ్మేసింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1762లో, జాన్ కాంటన్ అనే ఇంగ్లిష్ బడిపంతులు నీరు నలుగుతుందని కొలిచి చూపించాడు. ఒక వాతావరణ పీడనానికి నీరు తగ్గేది పది లక్షల్లో సుమారు 46 వంతులే. దాన్ని పట్టుకోగలిగినందుకు రాయల్ సొసైటీ ఆయనకు కాప్లే పతకం ఇచ్చింది. మన క్లచ్‌లో పాతిక మిల్లీలీటర్ల ద్రవం ఉంటే, నిండా నొక్కినప్పుడు అది తగ్గేది 0.03 మిల్లీలీటరు. పక్కనే ఒక్క మిల్లీలీటరు గాలి తినేసేది దానికి ముప్పై రెట్లు!

సరే, ఆ గాలి పైకి ఎందుకు రాదు?

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు చూసే ఉంటారు. గొట్టంలో ఒక బుడగ ఉంటుంది. చక్రం బిగించి ప్రవాహం ఆపితే ఆ బుడగ పైకి తేలదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. నర్సమ్మ వేలితో టకటకమని కొడుతుంది. నేలబావిలో, గ్లాసులో బుడగ పైకి దూసుకుపోతుంది. అదే నీరు, అదే గాలి, సన్న గొట్టంలో మాత్రం కదలదు.

ఎందుకంటే, గొట్టాన్ని అడ్డంగా నింపేసిన బుడగ పైకి జరగాలంటే దాని నెత్తి మీదున్న ద్రవం కిందికి దిగాలి. దిగడానికి ఉన్న దారి ఒక్కటే: బుడగకూ గొట్టం గోడకూ మధ్యనున్న పలుచని పొర. ఈ పొర ఎంత మందం ఉండాలో తేల్చేది రెండు బలాల పెనుగులాట. గురుత్వం బుడగ తలను సాగదీసి, సన్నగా చెక్కి, పక్కల సందు తెరవాలని చూస్తుంది. తలతన్యత ఆ తలను గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా ఉంచాలని చూస్తుంది. గుండ్రంగా ఉన్న తల గొట్టానికి బిరడాలా సరిపోతుంది. వెడల్పు గొట్టంలో గురుత్వం గెలుస్తుంది. గొట్టం సన్నబడేకొద్దీ వంపు బిగుసుకుంటుంది, తలతన్యత పట్టు పెరుగుతుంది, పొర పలచబడుతుంది. పొరలో జారే ద్రవం మందానికి ఘనంలో మారుతుంది. మందం సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు, పదో వంతైతే వెయ్యో వంతు. అందుకే ఒక హద్దు దగ్గర బుడగ నెమ్మదించడం కాదు, నిలిచిపోతుంది.

ఆ హద్దు ఎక్కడో 1961లో కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ బ్రెథర్టన్ లెక్కగట్టాడు. నీటికైతే గొట్టం లోపలి వ్యాసం సుమారు 5 మిల్లీమీటర్లు. దానికంటే సన్నదైతే బుడగ పైకి రాదు. ఈ బ్రెథర్టన్ తర్వాతి కాలంలో అమెరికా జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రానికి డైరెక్టర్ అయ్యాడు. భూమిని, సముద్రాన్ని, గాలిని, జీవాన్ని కలిపి ఒకే వ్యవస్థగా చూపే ప్రసిద్ధ చిత్రానికీ ఆయన పేరే ఉంది. సన్న గొట్టంలో బుడగ దగ్గర మొదలైన మనిషి భూగోళం దాకా వెళ్లాడని తలుచుకుంటే నాకు ఎప్పుడూ పులకింతే.

ఆ బుడగ నిజంగా నిలిచిపోయిందా అన్న అనుమానం మాత్రం మిగిలే ఉంది. 2019లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ పాలిటెక్నిక్‌లో వాసిం దావాదీ అనే డిగ్రీ విద్యార్థి, తన ఆచార్యుడు జాన్ కొలిన్‌స్కీతో కలిసి, బుడగ చుట్టూ ఉన్న ఆ పొరను కాంతి సాయంతో కొలిచాడు. అంత పలుచని పొర కూడా పూర్తిగా తెగిపోలేదు. బుడగ కదులుతూనే ఉంది, కంటికి ఆనని నెమ్మదితో. అరవై ఏళ్లుగా ‘ఇరుక్కుపోయింది’ అనుకున్న బుడగ మహా మెల్లగా ఎక్కుతోందని తేల్చింది ఒక కుర్రాడు!

మీరూ చేసి చూడండి. చేపల తొట్టెలకు గాలి పట్టించే పారదర్శక గొట్టం లోపలి వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు. ఒక మూర కోసి, నీళ్లు నింపి, మధ్యలో అంగుళమంత బుడగ వదిలి, రెండు వైపులా మూసి నిలువుగా పట్టుకోండి. బుడగ కదలదు. నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు కలిపి మళ్లీ చేయండి. సబ్బు తలతన్యతను సగం కంటే తగ్గించేస్తుంది, హద్దు 3 మిల్లీమీటర్ల దగ్గరికి దిగుతుంది. లెక్క ప్రకారం ఈసారి బుడగ మెల్లగా మెట్లెక్కాలి.

క్లచ్‌కు వద్దాం. బ్రేక్ ఆయిల్ తలతన్యత నీటిలో సగం. దాని హద్దు 3.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. కార్లలో మామూలుగా వాడే ఇనుప గొట్టం బయటి వ్యాసం 4.76 మిల్లీమీటర్లు. గోడ మందం తీసేస్తే లోపల మిగిలేది సుమారు 3.3. సరిగ్గా హద్దు మీద! పైగా ఈ ద్రవం నీటి కంటే చిక్కన. తణుకు పాఠకుడు రాత్రంతా ఎదురుచూసినా బుడగ రాకపోవడంలో వింత లేదు. (ఇంకెప్పుడూ మూత వదులుగా ఉంచకండి. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది.)

కథ ఇక్కడితో ఆగదు. సన్న గొట్టంలో బుడగ దానంతట అది తేలదు గానీ, ద్రవాన్ని నెడితే దానితోపాటే పోతుంది. స్లేవ్ సిలిండర్ లోపల దీనికి పూర్తిగా తలకిందులు. అది రెండు సెంటీమీటర్ల వెడల్పు గది. అక్కడ బుడగ హాయిగా తేలి పైమూలకు చేరుతుంది, ద్రవం దాని కింద నుంచి జారిపోతుంది. గొట్టంలో బుడగ ప్రవాహం మాట వింటుంది, గదిలో గురుత్వం మాట వింటుంది. ఒకే మందు రెంటికీ పనిచేయదు.

నిపుల్ విప్పకుండా పెడల్ ఎంత కొట్టినా గొట్టంలోని గాలి ఎందుకు పోదో ఇప్పుడు తెలుస్తుంది. 6 మిల్లీలీటర్ల ద్రవం ఆ సన్న గొట్టంలో 70 సెంటీమీటర్ల పొడవు ఆక్రమిస్తుంది. గొట్టం మీటరున్నర. నొక్కితే బుడగ 70 సెంటీమీటర్లు కిందికి, వదిలితే 70 పైకి, ఉయ్యాల ఊగినట్టు. నిపుల్ విప్పి నొక్కి, బిగించాకే వదిలితే బుడగ ముందుకు సాగుతుంది. పెడల్ మీదున్న కుర్రాడు ఒక్క క్షణం ముందు కాలు తీస్తే నిపుల్ గుండా కొత్త గాలి లోపలికి వస్తుంది.

ఇంత జాగ్రత్తగా చేసినా స్లేవ్‌లో నిపుల్ పైమూలన లేకపోతే అక్కడి గాలి కదలదు. గొట్టం బిగించే చోట నిపుల్, నిపుల్ చోట గొట్టం పెట్టేసే పొరపాటు కొత్త స్లేవ్ వేసినప్పుడు జరుగుతూనే ఉంటుంది. మాస్టర్ సిలిండర్ ముక్కు పైకెత్తినట్టు బిగించిన బళ్లలో ఆ ముక్కులో మరో బుడగ దాక్కుంటుంది. నిపుల్‌ను అందని చోట, పనికిరాని కోణంలో పెట్టే డిజైనర్ల మీద నాకు నిజంగానే కోపం. ఆ కోణం తప్పినందుకు జనం మంచి మాస్టర్ సిలిండర్లు, మంచి క్లచ్ ప్లేట్లు మార్చుకుంటున్నారు.

వాక్యూమ్ పంపుతో లాగేవాళ్లకు మరో భ్రమ ఉంది. బుడగలు వస్తూనే ఉంటాయి, ఎంతసేపటికీ ఆగవు. నిపుల్ మరల గుండా బయటి గాలే దూరి వస్తోందేమో చూడాలి. మరల చుట్టూ గ్రీజు రాస్తే తేలిపోతుంది.

అసలు లోపం గాలేనా అన్నది కూడా ముందు చూడాలి. నాలుగుసార్లు గబగబా కొడితే పెడల్ గట్టిపడితే గాలి. నొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతూ, బయట చుక్క కారకపోతే మాస్టర్ లోపలి సీలు. పెడల్ గట్టిగానే ఉండి క్లచ్ విడకపోతే తప్పు ద్రవానిది కాదు, ఫోర్కుదో ప్లేటుదో.

తణుకు పాఠకుడికి నా జవాబు ఇది. మీ స్లేవ్ బయట బిగించే రకమైతే, దాన్ని విప్పి, నిపుల్ అన్నిటికంటే పైన ఉండేలా వంచి, పిస్టన్‌ను లోపలికి నొక్కిపట్టి ముందు దానిలోని గాలి తీయించండి. విప్పి ఉన్నప్పుడు ఎవరినీ పెడల్ ముట్టనివ్వకండి, పిస్టన్ ఊడి పడుతుంది. తర్వాత పెద్ద సిరంజికి గొట్టం తగిలించి, కొత్త ద్రవాన్ని నిపుల్ నుంచి పైకి ఎక్కించమనండి. అలా చేస్తే గొట్టంలో ప్రవాహమూ, వెడల్పు చోట్ల గురుత్వమూ బుడగను ఒకే దిక్కుకు నడిపిస్తాయి. ఎక్కించే ముందు డబ్బాలోని పాత ద్రవం సగానికి తోడేయించండి. లేకపోతే పొంగి బానెట్ కింద పెయింట్ మీద పడుతుంది. పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, ఆ ద్రవం పెయింటును లేపేస్తుంది.